ఊరంతా హోటళ్ళే, ఒళ్ళు వాల్చ తావు లేదు

ప్రపంచాన్ని కాపాడడం తేలిక. ఆ కాపాడే రాత్రి పడుకోవడానికి గది సంపాదించడమే కష్టం. ఈ సత్యం బోధపడాలంటే జూలై నెలలో అమెరికాలోని శాన్ డియాగో వెళ్ళాలి. కామిక్ కాన్ అనే కామిక్స్ అభిమానుల మహా జాతర అక్కడే జరుగుతుంది. బుధవారం రాత్రి ముందస్తు దర్శనం, గురువారం నుంచి ఆదివారం దాకా అసలు ఉత్సవం. లక్షా ముప్పై వేలకు పైగా జనం. ఆకాశంలో ఎగిరేవాళ్ళు, గోడలు పాకేవాళ్ళు, చూపుతో ఇనుము కరిగించేవాళ్ళు, అందరూ ఆ వేషాలతో వీధుల్లో కనిపిస్తారు. ఎవరినైనా ఆపి "ఎక్కడ దిగారు?" అని అడగండి. మహావీరుడి ముఖం వాడిపోతుంది.

హోటళ్ళు లేక కాదు. సముద్రం ఒడ్డున, ఉత్సవం జరిగే కన్వెన్షన్ సెంటర్‌ను ఆనుకుని, బారులు తీరి ఆకాశమంత హోటళ్ళున్నాయి. ఊరంతా చుట్టాలే గానీ ఉట్టి కట్ట తావు లేదని మన పెద్దలు ఏ శాన్ డియాగో చూసి అన్నారో తెలీదు.

అసలు తమాషా ఏమిటంటే ఈ ఉత్సవం పుట్టిందే హోటల్లో. 1970 మార్చిలో ఒక్కరోజు ప్రయత్నంగానూ, అదే ఏడాది ఆగస్టు 1 నుంచి 3 దాకా అసలు సభగానూ యు.ఎస్. గ్రాంట్ హోటల్లో జరిగింది. షెల్ డార్ఫ్ అనే కామిక్స్ ప్రేమికుడు, ఆయన చుట్టూ చేరిన కుర్రాళ్ళు కలిసి పెట్టుకున్న సంబరం అది. ఆగస్టు సభకి రే బ్రాడ్‌బరీ, జాక్ కిర్బీ లాంటి వాళ్ళు అతిథులు. వచ్చిన జనం సుమారు మూడు వందలు. కావాలంటే ఎవరైనా పై అంతస్తుకి వెళ్ళి ఓ కునుకు తీసి రావచ్చు. ఈ హోటల్ 1910లో మొదలైంది. మాజీ అధ్యక్షుడు గ్రాంట్ కొడుకు తండ్రి పేరు పెట్టి కట్టించాడు. కొడుకు తండ్రి పేరు నిలిపాడు, హోటల్ ఉత్సవం పేరు నిలిపింది, ఉత్సవం మాత్రం పురిటింట్లో తన అభిమానికి ఒక గది ఇప్పించలేకపోతోంది. వందలతో మొదలైన జనం వేలయ్యారు, 1991లో కన్వెన్షన్ సెంటర్‌కి మారాక వేల నుంచి లక్షకి పెరిగారు. హోటళ్ళు కూడా లేచాయి గానీ, ఒక వారం కోసం ఏ ఊరూ రెండో ఊరు కట్టుకోదు కదా.

కొరత వచ్చిన చోట న్యాయం అనే మాట పుడుతుంది. అందరికీ సరిపోయినన్నాళ్ళు ఎవరికీ న్యాయం గుర్తురాదు. బంతిలో గారెలు తగ్గినప్పుడే వడ్డనవాడి గుణగణాల మీద చర్చ మొదలవుతుంది. కామిక్ కాన్‌లో ఆ చర్చ చాలా ఏళ్ళుగా నడుస్తోంది. ఆ చర్చకి అక్కడివాళ్ళు కనిపెట్టిన పరిష్కారం లాటరీ.

ఒక లాటరీ అనుకునేరు. ముందు లోపలికి వెళ్ళే బ్యాడ్జి దొరకాలి. దానికి కంప్యూటర్ ముందు వెయిటింగ్ రూమ్‌లో కూర్చోవాలి. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో యంత్రం ఇష్టం. ఆ గండం గట్టెక్కితే హోటల్ గది కోసం ఇంకో వెయిటింగ్ రూమ్. కారుంటే పార్కింగ్ కోసం వేరే లాటరీ. లోపల మాత్రమే అమ్మే బొమ్మలు కొనాలన్నా, అభిమాన నటుడి సంతకం కావాలన్నా మళ్ళీ లాటరీ. ఇన్ని లాటరీలు వరసగా తగిలినవాడు కామిక్ కాన్‌కి వెళ్ళడం దండగ. ఆ అదృష్టాన్ని రాష్ట్ర లాటరీ టికెట్ మీద పెడితే హోటలే కొనుక్కోవచ్చు.

గదుల అమ్మకం జరిగే ఉదయానికి అభిమానులు హోటల్ ప్రళయం అని పేరు పెట్టుకున్నారు. పూర్వం పద్ధతి వేరు. ఫలానా రోజు ఫలానా గంటకి ఫారం తెరుచుకునేది. పేరు, చిరునామా, కోరుకునే హోటళ్ళ వరస, అన్నీ నింపి ఎవడు ముందు పంపితే వాడికి మంచి గది. దానికోసం జనం ముందునుంచే సాధన చేసేవాళ్ళు. ఏ హోటల్ పేరు ఏ వరసలో ఉంటుందో కంఠతా పట్టి, ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో వేళ్ళకి నేర్పి, ఎమ్సెట్‌కి కూడా చదవనంత శ్రద్ధగా తయారయ్యేవాళ్ళు. ముందొచ్చినవాడికి ముందు అనే ఆ సూత్రం వినడానికి ధర్మంగానే ఉంటుంది. కానీ వేగంగా టైపు చేయలేని పెద్దాయనకి, ఆ గంటకి ఆపరేషన్ థియేటర్లో ఉన్న నర్సుకి, ఆ నిమిషంలో పాఠం చెబుతున్న టీచరుకి అది ధర్మం ఎలా అవుతుంది? ఖాళీ సమయం, చురుకైన వేళ్ళు, గట్టి ఇంటర్నెట్, ఈ మూడూ ఉన్నవాడికే మెత్తటి పరుపు. అందుకే నిర్వాహకులు పరుగుపందెం రద్దు చేసి చీటీలు ప్రవేశపెట్టారు. గంట కొట్టేలోపు వెయిటింగ్ రూమ్‌లోకి వచ్చినవాళ్ళందరూ సమానం. యంత్రం కలిపి, కలిపి, ఎవరి వంతు ఎప్పుడో తేలుస్తుంది. వంతు ముందొస్తే సముద్రం కనిపించే గది. వెనకొస్తే హైవే కనిపించే గది. ఇంకా వెనకొస్తే ఏమీ కనిపించదు.

మా మేనల్లుడు కాలిఫోర్నియాలో ఉంటాడు. ఒకరోజు ఉత్సాహంగా ఫోన్ చేశాడు.

"మామయ్యా, గది దొరికింది!"

"శుభం. ఎక్కడరా?"

"మిషన్ వ్యాలీలో."

"ఉత్సవం జరిగే చోటేనా అది?"

"దగ్గరే మామయ్యా. షటిల్ బస్సుంది."

బస్సెక్కి వెళ్ళాల్సిన దాన్ని దగ్గర అనడం అమెరికా వెళ్ళిన మనవాళ్ళకి అలవాటే కాబట్టి ఊరుకున్నాను.

"లాటరీ అన్నావు, నీకెలా తగిలిందిరా?"

"నాకు తగల్లేదు మామయ్యా. మా స్నేహితులందరం ఎవరి కంప్యూటర్ ముందు వాళ్ళం కూర్చున్నాం. ఒకడికి తగిలింది. గది అందరిదీ."

"మరి ఒంటరిగా వెళ్ళేవాడి సంగతి?"

"వాడికి ఒకటే చీటీ."

"అది సమానమేనా?"

"చీటీలన్నీ సమానమే మామయ్యా. మనుషులే కాదు."

ఇంజనీరింగ్ చదివినవాడు ఇంత తత్వం మాట్లాడతాడని నేననుకోలేదు. కానీ వాడన్నదాంట్లో లెక్క ఉంది. యంత్రం దగ్గర పక్షపాతం లేదు. దాని ముందు ఎంతమందిని కూర్చోబెట్టగలవన్న దాంట్లోనే ఉంది అసలు పక్షపాతం. స్నేహితుల బలగం ఉన్నవాడికి అవకాశాలు అరడజను. ఊరికి కొత్తగా వచ్చినవాడికి, పిల్లవాణ్ణి వెంటబెట్టుకు వచ్చిన తల్లికి, ఏటా ఒక్కడే వెళ్ళి ఒక్కడే తిరిగొచ్చే పుస్తకాల పురుగుకి అవకాశం ఒకటి. చీటీ వేస్తే చుట్టరికం పోతుందనుకున్నాం. అది వేషం మార్చుకుని వెయిటింగ్ రూమ్‌లోకి వచ్చి కూర్చుంది.

లాటరీ కోసం ఆగలేనివాళ్ళకి ఇంకో దారుంది. ముందుగా కొనుక్కునే పథకం. డౌన్‌టౌన్‌కి ఎడంగా ఉన్న హోటళ్ళలో గదులు ఇస్తారు. డబ్బు ముందే కట్టాలి. మనసు మారితే తిరిగి రాదు. అంటే నిశ్చింత కావాలంటే దూరం పోవాలి, దగ్గర కావాలంటే గుండె దడతో కూర్చోవాలి. భక్తుడి మనస్తత్వాన్ని ఇంత బాగా చదివిన పథకం మరొకటి లేదు.

ఇదంతా పంపకం ఎలా చేశారన్న కథ. అసలు కథ అంతకు ముందుంది. పంచడానికి కుండలో ఎంత మిగిల్చారు?

కామిక్ కాన్‌కి అభిమానులు మాత్రమే రారు. సినిమా స్టూడియోలు వస్తాయి. టీవీ సంస్థలు వస్తాయి. బొమ్మల కంపెనీలు, పుస్తకాల ప్రచురణకర్తలు, అతిథులు, వాళ్ళ మేనేజర్లు, మేనేజర్ల సహాయకులు, స్టాళ్ళు పెట్టే వ్యాపారులు, విలేకరులు. వీళ్ళలో ఎవరూ ఉదయాన్నే కంప్యూటర్ ముందు కూర్చుని దేవుళ్ళకి మొక్కుకోరు. స్టాళ్ళవాళ్ళకి వేరే కోటా ఉంటుంది. పెద్ద సంస్థలు హోటళ్ళతో నేరుగా మాట్లాడుకుంటాయి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. ఇక్కడ ఇంకో మెట్టు పైకెళ్ళారు. వీళ్ళు బంతిలోనే కూర్చోరు, వంటింట్లోనే భోంచేసి వెళ్ళిపోతారు.

దీన్ని తిరుమల వెళ్ళొచ్చిన తెలుగువాడికి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆర్జిత సేవలకి మనమూ లక్కీడిప్‌లో పేరు వేస్తాం. మిషన్ తీసిన పేర్లలో మనది లేకపోతే స్వామి పిలుపు రాలేదని సరిపెట్టుకుంటాం. పక్కింటాయన సిఫారసు ఉత్తరంతో బ్రేక్ దర్శనం చేసుకొచ్చి ప్రసాదం పంచినప్పుడు మాత్రం, స్వామి వీరిని ఏ దారిన పిలిచారా అన్న సందేహం ఒక్క క్షణం కలుగుతుంది. లడ్డు నోట్లో పడగానే అదీ పోతుంది. శాన్ డియాగోలో లడ్డు కూడా ఉండదు.

ఉత్సవం రోజుల్లో అక్కడి హోటళ్ళని చూడండి. పై నుంచి కింద దాకా సినిమా పోస్టర్లు చుట్టేస్తారు. ఒడ్డున ముప్పై అంతస్తుల హోటల్ ఒకటి ఉంది. ఇలాంటి గోడల మీద కొత్త సీరియల్ రాక్షసుడో, రాబోయే సినిమా వీరుడో నిలువునా నిలబడి ఉంటాడు. బొమ్మకి అన్ని అంతస్తులు, బొమ్మని చూసి మురిసేవాడికి ఒక మంచం లేదు. ఆ రాక్షసుడి కంటి దగ్గర ఒక కిటికీ ఉంటుంది. ఆ కిటికీ వెనక గదిలో ఎవరో నిద్రపోతుంటారు. ఆ ఎవరో లాటరీలో గెలిచిన మనిషేనా అన్న సంగతి మాత్రం గోడ మీద రాయరు.

నిద్రే పట్టని అభిమానికి ఇంకో ఏర్పాటుంది. హాల్ హెచ్ అని దాని పేరు. దాదాపు ఆరున్నర వేల సీట్లు. పెద్ద సినిమాల విశేషాలు బయటపెట్టేది అందులోనే. లోపల చోటు కోసం ముందురోజే బయట బారులు తీరతారు. రాత్రి మణికట్టుకి పట్టీలు కట్టి, పొద్దున లోపలికి పంపుతారు. ఆ పట్టీ కోసం పచ్చిక మీద, కాలిబాట మీద దుప్పట్లు పరుచుకుని జాగారం చేస్తారు. మామూలుగా శాన్ డియాగోలో కాలిబాట మీద పడుకుంటే పోలీసులు లేపుతారు. 2023లో నగరం దానికోసం ఆర్డినెన్సే చేసింది. ఇల్లు లేక పడుకుంటే నేరం, ఇష్టపడి పడుకుంటే పర్యాటకం. గది దొరకనివాడు, గది దొరికినా వెళ్ళనివాడు ఒకే పచ్చిక మీద పక్కపక్కనే పడుకునే ఆ రాత్రిని మించిన సమానత్వం ఉత్సవం మొత్తంలో ఇంకెక్కడా కనిపించదు. దానికి లాటరీ కూడా లేదు.

ఈ వ్యవహారం మనకెందుకంటారా? మనకూ సంబంధం ఉంది. 2023 జూలై 20న ప్రభాస్, కమల్ హాసన్, రానా, దర్శకుడు నాగ్ అశ్విన్ ఆ కామిక్ కాన్ వేదికెక్కారు. అప్పటిదాకా ప్రాజెక్ట్ కె అని పిలిచిన సినిమాకి కల్కి 2898 ఏడీ అని పేరు తేలింది అక్కడే. అంతకు వారం ముందే హాలీవుడ్ నటులు సమ్మె కట్టారు. పెద్ద స్టూడియోలు చాలా మటుకు ముఖం చాటేశాయి. అమెరికా మహావీరులు సెలవు పెట్టిన వేళ మన మహావీరులు దిగారన్నమాట. తెలుగు అభిమానికి ఛాతీ పొంగిన రోజది. అయితే ఆ అభిమానికి అక్కడ మన విద్యలేవీ పనికిరావు. బెనిఫిట్ షో టికెట్టుకి పనిచేసిన డిస్ట్రిబ్యూటర్ బావమరిది ఫోన్ శాన్ డియాగోలో మోగదు. అభిమాన సంఘం పట్టణ అధ్యక్షుడి సంతకాన్ని ఆ యంత్రం చదవలేదు. పాలాభిషేకం చేద్దామన్నా కటౌట్ హోటల్ గోడ మీదుంది, ఎక్కనివ్వరు.

మరి హోటళ్ళవాళ్ళు ఏమంటారు? వాళ్ళదీ బాధే. ఉత్సవం కోసం ఒప్పుకున్న ధరకి కొన్ని గదులు పక్కన పెట్టాలి. అవే గదులు బయట అమ్మితే ఆ వారం ఎంత చెబితే అంత. గిరాకీ గుమ్మం ముందు నిలబడి ఉండగా తక్కువ ధరకి ఇవ్వడం వ్యాపారధర్మానికి విరుద్ధం. ధర్మసంకటంలో పడిన హోటల్ యజమాని ఎటు మొగ్గుతాడో చెప్పడానికి జ్యోతిష్కుడు అవసరం లేదు.

అయినా ఆ గదులు అలా పక్కన పెట్టించగలిగిన సందర్భం ఒకటుంది. 2010లో లాస్ ఏంజెలెస్, అనహైమ్ నగరాలు కామిక్ కాన్‌ని మా ఊరు రమ్మని పిలిచాయి. పెళ్ళికొడుక్కి రెండు సంబంధాలు వచ్చాయనగానే మూడో ఇంటివాళ్ళు కట్నం పెంచినట్టు శాన్ డియాగో కదిలింది. హోటళ్ళు ఒప్పుకున్న ధరకి మరిన్ని గదులు ఇస్తామన్నాయి. ఉత్సవం అక్కడే ఉండిపోయింది. 2012లో వీళ్ళదే ఇంకో ఉత్సవం వండర్‌కాన్ మాత్రం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి అనహైమ్‌కి మారింది. కాబట్టి బెదిరింపు ఉత్తదేం కాదు. ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆ బేరంలో నిర్వాహకుల చేతిలో ఉన్న బలం ఏమిటి? లక్షా ముప్పై వేల తలలు. ఆ తలల్ని చూపించే గదులు సంపాదించారు. తల మనది, దిండు ఇంకొకరిది.

నగరపాలకులూ ఊరికే లేరు. హోటల్ పన్ను పెంచి కన్వెన్షన్ సెంటర్ విస్తరిద్దామని 2020 మార్చిలో ప్రజల ముందు పెట్టారు. మూడింట రెండొంతులు కావాలన్నారు. నూటికి అరవై అయిదు పైచిలుకు వచ్చాయి. ఓడిందన్నారు. తర్వాత గెలిచిందన్నారు. కోర్టులు చుట్టి చుట్టి, చివరికి 2025 మే 1 నుంచి పన్ను అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పదిన్నర శాతం. ఇప్పుడు ప్రాంతాన్ని బట్టి 11.75 నుంచి 13.75. కన్వెన్షన్ సెంటర్‌కి ఎంత దగ్గరైతే అంత ఎక్కువ. కరవులో అధికమాసం అంటే ఇదే. హాలు పెరిగితే జనం పెరుగుతారు, జనం పెరిగితే గదులు ఇంకా చాలవు, చాలకపోతే లాటరీ ఇంకా పెద్దదవుతుంది. అభివృద్ధి అంటే ఇలాగే ఉంటుంది.

ఒక్క శాన్ డియాగోనే అనడం అన్యాయం. ఇండియానాపోలిస్‌లో జరిగే ఆటల ఉత్సవం జెన్ కాన్‌లో బ్యాడ్జి కొన్నవాళ్ళకి గదులు ఎంచుకునే సమయాన్ని యంత్రమే కేటాయిస్తుంది. పొద్దున వంతు వచ్చినవాడు ఆకాశవంతెన మీదుగా పైజామాతో హాల్లోకి నడిచి వస్తాడు. సాయంత్రం వచ్చినవాడు విమానాశ్రయం దగ్గర దిగుతాడు. అట్లాంటాలో డ్రాగన్ కాన్ ప్రధానంగా అయిదు హోటళ్ళలో జరుగుతుంది. హోటలే ఉత్సవం అయినప్పుడు గది దొరకనివాడు లిఫ్ట్ కోసమైనా వరసలో నిలబడాలి. ఆ వరస మాత్రం అందరికీ దొరుకుతుంది.

మన సంగతీ చెప్పుకోవాలి కదా. అమెరికాలో మన తెలుగు సంఘాల మహాసభలు కూడా కన్వెన్షన్ సెంటర్లలోనే, వేల జనంతో జరుగుతాయి. అక్కడ లాటరీ గొడవ లేదు. ఇంత విరాళం ఇస్తే ఇన్ని గదులు, ముందు వరసలో ఇన్ని కుర్చీలు, విందులో ఇన్ని ఆకులు అని దాతల పట్టిక ముందే అచ్చువేస్తారు. చూసినవాళ్ళు ముక్కు మీద వేలేసుకుంటారు గానీ, ఆ పట్టికలో ఒక నిజాయితీ ఉంది. సామీప్యానికి ధర ఎంతో డాలర్లలో రాసి పెట్టారు. సమానత్వం పేరెత్తలేదు. కామిక్ కాన్ సమానత్వం పేరెత్తుతుంది, పట్టిక మాత్రం సగమే చూపిస్తుంది. హోటల్ పేరు, రాత్రికి ధర, ఎంత దూరం, ఏ బస్సు, అన్నీ ఉంటాయి. ఆ హోటల్లో సామాన్యుడి చీటీకి మిగిలిన గదులు ఎన్ని అన్న గడి ఉండదు.

నా తీర్పు ఇది. చీటీ మంచిదే. పరుగుపందెం కన్నా మేలు, వేలంపాట కన్నా చాలా మేలు, సిఫారసు ఉత్తరం కన్నా ఎంతో మేలు. కానీ చీటీ తీసే చెయ్యి ఎంత శుభ్రమైనా, కుండలో ఎంత పోశారో చెప్పకపోతే అది న్యాయం కాదు, ఓదార్పు. ఓడినవాడు తన జాతకాన్ని తిట్టుకుంటాడు. పంపకాన్ని అడగడు. ఆ సౌకర్యం కోసమే లోకంలో చాలా లాటరీలు నడుస్తున్నాయి.

కాబట్టి నిర్వాహకులకి మనవి. కామిక్ కాన్ నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. గదులొచ్చింది అభిమానుల తలకాయల లెక్క మీద. ఆ లెక్క వాళ్ళకే చెప్పండి. ఏ హోటల్లో ఎన్ని గదులు ఒప్పందంలో ఉన్నాయి, వాటిలో స్టాళ్ళకి ఎన్ని, అతిథులకి ఎన్ని, లాటరీకి ఎన్ని అని అమ్మకానికి ముందురోజు ఒక్క కాగితం బయటపెట్టండి. స్నేహితుల గుంపు మొత్తాన్ని ఒకే చీటీగా లెక్కపెట్టండి. దీనికి కొత్త హోటల్ కట్టక్కర్లేదు, కొత్త పన్ను వెయ్యక్కర్లేదు. మన తెలుగు సంఘాలవారికీ అదే విన్నపం. దాతల పట్టిక పక్కనే, దాత కానివాడికి మిగిలిన గదులు ఎన్నో ఒక వరస అచ్చువెయ్యండి. ఆ వరసలో సున్నా ఉంటే సున్నా అనే వెయ్యండి. గది లేదని ముందే తెలిసినవాడు కనీసం ఆ ఊళ్ళో చుట్టాలెవరైనా ఉన్నారేమో వెతుక్కుంటాడు.